క్రాఫ్ట్ బీర్లను రుచి చూసి మార్కులు వేయడం ఎలా?

మొదటిసారి మార్కులు వేయడానికి కూర్చున్నప్పుడు ఒక వీట్ బీరుకి (గోధుమలు కలిపి చేసేది) పదికి మూడు వేశాను. పక్కన కారణం కూడా రాశాను: "అరటిపండు వాసన వస్తోంది, పాడైనట్టుంది." జర్మన్ పద్ధతిలో చేసే హెఫెవైజెన్ అనే ఈ రకం వీట్ బీరులో అరటిపండు, లవంగం వాసనలు రావాలనీ, అవి బీరుని పులియబెట్టే ఈస్ట్ వల్ల వస్తాయనీ, రాకపోతేనే మార్కులు తగ్గించాలనీ తర్వాత తెలిసింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. "ఇది నాకు నచ్చిందా?" అన్నది ఒక ప్రశ్న. "ఈ రకం బీరు ఉండాల్సినట్టు ఉందా?" అన్నది వేరే ప్రశ్న. రెంటినీ కలగాపులగం చేస్తే వేసిన అంకెకి అర్థం ఉండదు.

1. నాలుగైదు బీర్లు ఎంచుకోండి

ఆరు దాటితే నాలుక మొద్దుబారుతుంది, మనసు ఉదారంగా మారుతుంది. చివర్లో తాగిన బీరు ఎప్పుడూ అద్భుతంగానే ఉంటుంది! మొదటిసారి అయితే ఒకదానికొకటి పోలిక లేనివి తీసుకోండి: ఒక పిల్స్‌నర్ (తేలికైన బంగారు రంగు బీరు), ఒక వీట్ బీర్, ఒక ఐపీఏ (చేదు ఎక్కువుండేది), ఒక స్టౌట్ (నల్లటిది). రెండోసారి ఒకే రకంలో నాలుగు వేర్వేరు తయారీలు పెట్టుకోండి. నిజానికి ఎక్కువ నేర్పేది ఇదే.

కొనేటప్పుడు ప్యాక్ చేసిన తేదీ చూడండి. ఐపీఏకి ప్రాణం హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పువ్వులు) వాసన, అది నెలల్లోనే వాడిపోతుంది. ఘాటైన స్టౌట్లు మాత్రం ఎక్కువ కాలం నిలుస్తాయి. వీలైతే క్యాన్ గానీ ముదురు గోధుమరంగు సీసా గానీ తీసుకోండి. పచ్చ సీసాలు, తెల్ల సీసాలు వెలుతురును లోపలికి రానిస్తాయి. ఆ వెలుతురుకి హాప్స్‌లోని పదార్థాలు మారిపోయి ఒక రకం కంపు పుడుతుంది. స్కంక్ అనే జంతువు వదిలే కంపుతో దాన్ని పోలుస్తారు.

2. గ్లాసుల సంగతి చూడండి

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. ఒకసారి వరసగా మూడు బీర్లకి "నురగ నిలవలేదు" అని మార్కులు కోసేశాను. నాలుగోదానికీ అదే జరిగేసరికి అనుమానం వచ్చి చూస్తే తప్పు గ్లాసుది. కడిగిన సబ్బు పూర్తిగా వదల్లేదు. సబ్బు, నూనె, పెదవుల రంగు, ఏది అంటుకున్నా నురగ చప్పున చచ్చిపోతుంది. బీరు పోశాక గ్లాసు గోడలకి లోపలివైపు బుడగలు అతుక్కుని ఉంటే అక్కడ ఏదో అంటి ఉన్నట్టే. గ్లాసులని మంచినీళ్లతో రెండుసార్లు తొలిచి, బట్టతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి.

ఒక్కో గ్లాసుకి 75 నుంచి 100 మిల్లీలీటర్లు చాలు, అదీ సగం గ్లాసు దాటకూడదు. వాసన నిలవడానికి పైన చోటు కావాలి. ఇక్కడ చిన్న లెక్క ఉంది: 8 శాతం ఆల్కహాల్ ఉన్న 100 మిల్లీలీటర్ల స్టౌట్, 5 శాతం ఉన్న 160 మిల్లీలీటర్ల పిల్స్‌నర్‌తో సమానం. గ్లాసు చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. తర్వాత బండి నడపాల్సిన మనిషి ఈ ఆటలో ఉండకూడదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే అన్నీ పోసేయకండి. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు, నాలుకకీ స్పర్శ తగ్గుతుంది. పిల్స్‌నర్ లాంటి లాగర్లకి 4 నుంచి 7 డిగ్రీలు, ఐపీఏ లాంటి మామూలు ఏల్స్‌కి 8 నుంచి 12, స్టౌట్లకి 10 నుంచి 13 డిగ్రీలు బాగుంటాయి. థర్మామీటర్ అక్కర్లేదు, స్టౌట్‌ని ఓ అరగంట ముందు బయట పెడితే సరిపోతుంది.

3. వరస పెట్టండి

తేలికవి ముందు. చేదువి, పుల్లనివి, ఘాటైనవి తర్వాత. ఐపీఏ తాగాక పిల్స్‌నర్ తాగితే అది నీళ్లలా అనిపిస్తుంది, పాపం దాని తప్పేం లేదు. లేబుల్ మీద ఐబీయూ అని ఉండేది చేదుకి సంబంధించిన అంకె. దాన్ని గుడ్డిగా నమ్మకండి. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి ఎక్కువున్న బీరులో చేదు దాక్కుంటుంది, కాబట్టి ఒకే ఐబీయూ ఉన్న రెండు బీర్లు నోట్లో ఒకేలా ఉండవు.

సీసాలు కనిపించకుండా వేరేవాళ్ల చేత పోయించుకుని, గ్లాసులకి నంబర్లు వేయించండి. ఏ రకమో చెప్పమనండి, ఏ కంపెనీదో వద్దు. ఖరీదైన లేబుల్ చూడగానే చెయ్యి దానంతట అదే ఎక్కువ మార్కులు వేస్తుంది. మధ్యమధ్యలో మంచినీళ్లు, ఉప్పు లేని బ్రెడ్డు ముక్క చాలు. కారం, మసాలా, సెంటు ఆ గదిలోకే రానివ్వకండి.

4. ముక్కు ముందు, నోరు తర్వాత

పోసిన వెంటనే ఒకసారి వాసన చూడండి. కొన్ని వాసనలు మొదటి నిమిషంలోనే ఎగిరిపోతాయి. ఆ తర్వాత తీరిగ్గా రంగు, తేట, నురగ చూడవచ్చు.

ఒక స్టౌట్ పట్టుకుందాం. గ్లాసు వెలుతురుకి ఎత్తితే నల్లగా ఉంది, అంచున మాత్రం ఎర్రటి ఛాయ. నురగ లేత గోధుమరంగు. గ్లాసుని మెల్లగా తిప్పి ముక్కు పెడితే ముందు కాఫీ పొడి, వెనకాల చాక్లెట్. మాడ్చి వేయించిన బార్లీ చేసే పని ఇది. అందులో కాఫీ వేసి ఉండకపోవచ్చు కూడా. ఇప్పుడు ఒక గుక్క. నోరంతా తిప్పి మింగండి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. అప్పటిదాకా లేని వాసన ఒకటి గొంతు వెనక నుంచి తగులుతుంది. బీరుని ఉమ్మేయకుండా మింగమనేది ఇందుకూ, చివర మిగిలే చేదు తెలియడానికీ. ఆ చేదు ఎంతసేపు ఉంది? శుభ్రంగా తెగిందా, నాలుకని గరుకెక్కించి వగరుగా మిగిలిందా? మనకి చేదు, వగరు వేర్వేరు మాటలు. రాసేటప్పుడు ఈ తేడాని వాడుకోండి. "బాగుంది", "స్మూత్‌గా ఉంది" అని రాస్తే నెల తర్వాత మీకే ఏమీ గుర్తురాదు.

5. ముందు మాటలు, తర్వాత మార్కులు

మీరు సొంతంగా పద్ధతి కనిపెట్టక్కర్లేదు. 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ల షీట్ 50 మార్కులకి ఉంటుంది: వాసనకి 12, కంటికి కనిపించేదానికి 3, రుచికి 20, నోట్లో తగిలే చిక్కదనం, గ్యాస్ వంటివాటికి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. అందానికి 3 మార్కులే అన్నది గమనించండి. ఫొటోలో మెరిసిపోయే బీరు అక్కడితో ఆగిపోవచ్చు. ఈ లెక్కలో 30 దాటితే చాలా మంచి బీరు, 38 దాటితే అద్భుతం, 45 పైన వేయడానికి చెయ్యి వణకాలి.

నేనైతే షీట్ పక్కన ఇంకో గడి గీసుకుంటాను: "నాకు నచ్చిందా, అవును లేదా కాదు." దానికి మార్కులు ఉండవు. ఆ గడి ఉంటే ఇష్టాయిష్టాలు అందులోకి పోతాయి, షీట్ శుభ్రంగా ఉంటుంది. నలుగురు కూర్చుంటే అందరూ రాయడం అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఒకరు "మామిడిపండు" అన్నారంటే మిగతా ముగ్గురి ముక్కుకీ మామిడిపండే తగులుతుంది.

6. లోపాలు పట్టుకోండి

వెన్న వాసన వస్తే అది డైఎసిటైల్ అనే పదార్థం, ఈస్ట్ తన పని పూర్తి చేయకముందే బీరుని తీసేసి ఉండొచ్చు. ఉడికించిన మొక్కజొన్న వాసన డీఎంఎస్ అనే గంధకపు పదార్థానిది, మాల్ట్ నుంచి వస్తుంది. పచ్చి ఆపిల్ వాసన తరచుగా బీరు పక్వానికి రాలేదనడానికి గుర్తు. తడిసిన అట్టపెట్టెలా ఉంటే ఆక్సిజన్ తగిలి పాతబడింది. అయితే ఏది లోపమో చెప్పాల్సింది ఆ రకమే. సవర్ బీరులో పులుపే అసలు రుచి, చెక్ పిల్స్‌నర్‌లో కొంచెం వెన్న వాసన ఉన్నా తప్పు పట్టరు.

7. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

పోసేవాళ్లకి ముందే చెప్పి, ఏదో ఒక బీరుని రెండు వేర్వేరు నంబర్లతో పోయమనండి. ఏదన్నది మీకు చెప్పకూడదు. నేను మొదటిసారి ఇలా చేయించుకున్నప్పుడు ఒకే సీసాలోంచి వచ్చిన రెండు గ్లాసుల్లో ఒకదానికి 29, ఇంకోదానికి 34 వేశాను. రెండోదాని పక్కన "దీనికీ దానికీ పోలికే లేదు" అని కూడా రాశాను. అప్పటినుంచి ఐదు మార్కుల లోపు తేడా ఉన్న బీర్లని సమానంగానే లెక్కేసుకుంటున్నాను.