టీబీ సూది మొదలుపెట్టే ముందు చెవుల సంగతి

మందులకు లొంగని టీబీ అని తేలి, అమికాసిన్ ఇంజెక్షన్ రాశారా? మొదటి డోసుకు ముందే ఇవి చూసుకోండి.

– ఆడియోమెట్రీ (మిషన్‌తో చేసే వినికిడి పరీక్ష) చేయించకుండా మొదటి సూది వద్దు. ఈ మందు లోపలి చెవిలోని సన్నటి కణాలను చంపగలదు, అవి మళ్లీ పుట్టవు. ముందు పోయేది కీచుమనే శబ్దాలే. రాత్రిపూట కీచురాళ్ల రొద వినపడకపోయినా ఇంట్లో మాటలు వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి మనకు అనుమానం రాదు, మిషన్‌ మాత్రం పట్టేస్తుంది. తిరుపతి వాళ్లు రుయా ఈఎన్‌టీ ఓపీలో అడగండి. తర్వాత కూడా నెలనెలా చేయించాలి.

– సూది లేకుండా కుదరదా అని డాక్టర్‌ని అడగండి, మొహమాటం వద్దు. ఇదే కోవకు చెందిన సూది మందు కనామైసిన్‌ను 2018లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. బెడాక్విలిన్ అనే టీబీ మాత్ర వచ్చాక చాలామందికి మాత్రలతోనే నడుస్తోంది.

– కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష. మందు బయటికి పోయేది కిడ్నీల గుండానే.

– లాసిక్స్ లాంటి నీరు తీసే మాత్రలు వాడుతుంటే చెప్పండి. రెండూ కలిస్తే చెవికి ముప్పు ఎక్కువ.

– చెవిలో గుయ్‌మన్నా, నడుస్తుంటే తూలినా అదే రోజు చెప్పండి. ‘నీరసంలే’ అని పెద్దవాళ్లు దాచేస్తారు, వాళ్లను మనమే అడగాలి. అలాగని సొంతంగా కోర్సు ఆపేయొద్దు, డోసు మార్చాలా మందే మార్చాలా అన్నది డాక్టర్ చూస్తారు.