కొబ్బరి తోటలో గినీ గడ్డి ఎలా పెంచాలి?

కొబ్బరి తోట, దొడ్లో రెండు గేదెలు ఉన్నవాళ్లు పచ్చిగడ్డి కోసం వేరే పొలం చూసుకోనక్కర్లేదు, చెట్ల మధ్య ఖాళీలో గినీ గడ్డి వేసుకోండి. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో పుట్టిన ఈ బహువార్షిక గడ్డి అక్కడ చెట్ల కింద కూడా పెరిగేదే, అందుకే తోటలో పడే పల్చటి నీడకి బాగా తట్టుకుంటుంది. మరో పశుగ్రాసమైన నేపియర్ గడ్డికి మాత్రం నిండా ఎండ కావాలి.

విత్తనం వద్దనే చెబుతాను, మొలక సరిగా రాదు. పాత దుబ్బు తవ్వి, వేర్లతో సహా పిలకలు విడదీసి, పైన జానెడు ఉంచి ఆకు కత్తిరించి నాటండి. నేపియర్‌కి చేసినట్టు కణుపు ముక్కలు గుచ్చే పద్ధతి దీనికి కాదు. తొలకరి పడ్డాక జూన్, జులై మంచి అదను. వరుసల మధ్య 2 అడుగులు, మొక్కల మధ్య అడుగు పెడితే 10 సెంట్లకు దాదాపు 2,200 పిలకలు పడతాయి. కొబ్బరి మొదలు చుట్టూ 6 అడుగులు ఖాళీ వదలాలి, లేకపోతే చెట్టుకి వేసిన ఎరువు గడ్డి లాగేస్తుంది. నీళ్లు నిలిచే పల్లంలో వేయొద్దు.

ఇక అసలు విషయం కోత. మొదటి కోత నాటిన రెండు, రెండున్నర నెలలకి, తర్వాత ప్రతి 40 రోజులకి. ఎక్కువ గడ్డి వస్తుందన్న ఆశతో కొడవలి నేలకి ఆనించి కోస్తారు చాలామంది, దాంతో కొత్త పిలక వచ్చే చోటే పోయి దుబ్బు చచ్చిపోతుంది, కాబట్టి 4 నుంచి 6 అంగుళాలు వదిలే కోయండి. వెన్ను తీసేదాకా కూడా ఆగొద్దు: కాడ ముదిరి గేదె వదిలేస్తుంది, విత్తనం రాలి గట్లన్నీ గడ్డే అవుతుంది. మడిని 40 చాళ్లుగా అనుకుని రోజుకొకటి కోసుకుంటూ పోతే ఆఖరి చాలు అయ్యేసరికి మొదటిది మళ్లీ కోతకొస్తుంది, ఏ రోజూ గడ్డికి టెన్షన్ ఉండదు. కోసిన చాలుకి పశువుల ఎరువు, కాస్త యూరియా వేసి తడి ఇవ్వండి.

పాలిచ్చే గేదెకి ఇదొక్కటే కాకుండా అలసంద లాంటి పప్పుజాతి మేత కూడా కలిపి వేయండి. కొన్నేళ్లకి దుబ్బు మధ్యలో ఎండి బోలుగా కనిపిస్తే, తవ్వి బలమైన పిలకలు ఏరి పక్క వరుసలో నాటుకోండి.