రాత్రికి రాత్రే ఆయిల్ ట్యాంకు ఖాళీ, కిక్ కొడితే నీలం పొగ: పాత బ్రిటిష్ బైకుల్లో సమస్య - పరిష్కారం

బీఎస్‌ఏ, ట్రయంఫ్, నార్టన్, మ్యాచ్‌లెస్, ఏజేఎస్, వెలోసెట్... ట్యాంకు మీద పేరు ఏదైనా ఫిర్యాదు ఒకటే. పది రోజులు నిలబెట్టిన బండి ఆయిల్ ట్యాంకులో మట్టం అడుక్కి పోయి ఉంటుంది. కింద నేల మీద మాత్రం చుక్క ఉండదు. కిక్ బరువుగా దిగుతుంది. స్టార్ట్ అయ్యాక సైలెన్సర్ నుంచి వీధి నిండా నీలం పొగ, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు నుంచి ఆయిల్. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే "పిస్టన్ రింగులు పోయాయి, సిలిండర్ బోర్ చేయించాలి" అంటాడు.

బోర్ జోలికి వెళ్లకండి. ముందు ఇంజిన్ అడుగున ఆయిల్ చేరే గుంట, అంటే సంప్, దాని బోల్టు విప్పి చూడండి.

ఈ ఇంజిన్లు డ్రై సంప్ రకం. ఆయిల్ ఉండేది విడి ట్యాంకులో, ఇంజిన్ కంటే ఎత్తులో. పంపులో రెండు సగాలు ఉంటాయి. ఫీడ్ సగం ట్యాంకులోని ఆయిల్‌ని క్రాంకుకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకు, పంపుతుంది. రిటర్న్ సగం కిందికి జారిన ఆయిల్‌ని లాగి మళ్లీ ట్యాంకులో పోస్తుంది. సంప్‌లో ఆయిల్ నిలవకూడదు కాబట్టి రిటర్న్ సగాన్ని ఫీడ్ కంటే పెద్దగా చేస్తారు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ట్యాంకులోని ఆయిల్ ఫీడ్ పంపు సందుల్లోంచి మెల్లగా కిందికి దిగితే, దాన్ని తిరిగి లాగేవాడు ఉండడు. క్రాంకు తిరిగే గది, క్రాంక్‌కేసు, నిండిపోతుంది. ఆ ఆయిలే పైకి ఎక్కి కాలితే నీలం పొగ. దీన్నే వెట్ సంపింగ్ అంటారు.

అందరూ దాటేసే చెక్ ఇక్కడే ఉంది. నిలబెట్టిన బండి ట్యాంకు చూసి, తగ్గిందని పైన లీటరు పోసేస్తారు. స్టార్ట్ చేయగానే కిందున్న ఆయిల్ అంతా పైకి వస్తుంది. ట్యాంకు పొంగి, పోసినదంతా వెనక టైరు మీద పడుతుంది. వెనక టైరు మీద ఆయిల్ అంటే మలుపులో మనిషి కింద పడటమే. మట్టం చూడాల్సింది బండి కొన్ని నిమిషాలు నడిచి, రిటర్న్ సరిగ్గా వస్తోందని చూసుకున్న తర్వాతే. రెండు వారాలకు మించి నిలిపిన బండి అయితే కిక్ కొట్టకముందే సంప్ బోల్టు విప్పి, ఆయిల్‌ని శుభ్రమైన డబ్బాలోకి దించండి. శుభ్రంగా ఉంటే వడకట్టి ట్యాంకులోనే పోయవచ్చు. ఆ బోల్టుకు విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) పానా వాడండి. మిల్లీమీటర్ పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత అది ఊడి రాదు.

ఇక అసలు తేడా. బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ దిగుతోందా, నడుస్తున్నప్పుడే సంప్‌లో మిగిలిపోతోందా? రెండూ వేర్వేరు జబ్బులు. ఇది తేల్చుకోకుండా పంపు కొనడం డబ్బు దండగ. బండిని 15-20 నిమిషాలు తిప్పి, ఆపిన వెంటనే వేడి మీదే సంప్ దించండి. ఒక టీ గ్లాసుడు, అంటే 100-150 మిల్లీలీటర్లు వస్తే రిటర్న్ బాగానే ఉన్నట్టు. అర లీటరు వచ్చిందంటే జబ్బు నడకలోనే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ ట్యాంకు మూత తీసి, రిటర్న్ ఎలా పడుతోందో కూడా చూడవచ్చు. మొదట ఆయిల్ ధార కడుతుంది, సంప్ ఖాళీ అయ్యాక బుడగలతో కలిసి దఫదఫాలుగా ఉమ్ముతుంది. అలా ఉమ్మడమే ఆరోగ్యం. అసలేమీ రాకపోతే వెంటనే ఆపేయండి.

నడుస్తున్నప్పుడే నిండితే

పంపు కొత్తది, ఇంజిన్ మొత్తం కొత్తగా కట్టారు, అయినా పొగ ఆగదు. దీని వెనక ఉండే దొంగ ఎక్కువగా బీఎస్‌ఏ ట్విన్‌లలో, అంటే రెండు సిలిండర్ల మోడళ్లలో దొరుకుతాడు: ఎ10, ఎ50, ఎ65. సంప్ నుంచి ఆయిల్ లాగే పికప్ పైపు లోపల ఒక చిన్న ఉక్కు బాల్ ఉంటుంది. పంపు లాగితే అది పైకి లేవాలి, ఆగితే కిందికి కూర్చోవాలి. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ఇంజిన్‌లో ఆయిల్ గట్టిపడి ఆ బాల్‌ని సీటుకు అతికించేస్తుంది. అప్పుడు పంపు ఎంత మంచిదైనా లాగడానికి దారి లేదు. ఇంజిన్ కట్టేటప్పుడు కేసులు కడుగుతారు, క్రాంకు కడుగుతారు, ఈ పైపులోకి ఎవరూ చూడరు.

చూడటానికి ఇంజిన్ విప్పనక్కర్లేదు. కింద సంప్ ప్లేటు నాలుగు నట్లు తీసి, ప్లేటు, జాలీ దించండి. పైపు మూతి కనిపిస్తుంది. సన్నటి తీగ కొస గరుకు లేకుండా చేసి పైపులోకి మెల్లగా పోనివ్వండి. తీగ బాల్‌కి తగిలి పైకి తోస్తుంది, తీగ వదిలితే టక్కుమని కిందికి పడాలి. ఆ శబ్దం వినిపించకపోతే దొంగ దొరికినట్టే. కార్బ్ క్లీనర్ పైకి కొట్టి ఒక రాత్రి నాననిచ్చి, మళ్లీ తీగతో కదిపి చూడండి. గుచ్చి పొడవకండి, సీటుకు గీత పడితే బాల్ సరిగ్గా కూర్చోదు. బాల్ స్వేచ్ఛగా ఆడేదాకా ప్లేటు బిగించకండి.

బిగించేటప్పుడు ప్యాకింగ్‌కి సిలికాన్ దట్టంగా రాయొద్దు. లోపలికి పొంగిన సిలికాన్ ముక్కలుగా ఊడి జాలీ మీద పేరుకుంటుంది, రిటర్న్ మళ్లీ మూసుకుపోతుంది.

ఎ65 పంపులో ఇంకో చిక్కు ఉంది. చాలా వాటిలో దాని బాడీ మెత్తటి లోహం. నట్లు బలంగా బిగిస్తే వంకరపోయి గేర్లు పట్టేస్తాయి. ప్రతి నట్టూ కొద్దికొద్దిగా బిగిస్తూ, మధ్యలో పంపు చేత్తో తిరుగుతోందో లేదో చూసుకోవాలి.

ట్రయంఫ్ పంపులో గేర్లు లేవు, పైకీ కిందికీ ఆడే రెండు ప్లంజర్లు ఉంటాయి. లావుది రిటర్న్. దాని కింద బాల్, స్ప్రింగు ఉంటాయి. ఆ సీటు మీద ఇసుక రేణువంత చెత్త ఉన్నా రిటర్న్ ఆగుతుంది. ప్లగ్గు విప్పి, బాల్ తీసి, సీటు పెట్రోలుతో కడగండి. పాత బాల్‌నే సీటు మీద పెట్టి ఇత్తడి కడ్డీతో ఒక్క దెబ్బ, మెత్తగా. దాన్ని పారేసి కొత్త బాల్ వేయండి.

నిలబడి ఉన్నప్పుడే దిగితే

నార్టన్ కమాండో, దాని ముందరి ట్విన్‌ల గేరు పంపులో ఇది సహజ గుణం. వారాల మీద కొంత దిగితే కంగారు వద్దు. ఒక్క రాత్రిలో ట్యాంకు ఖాళీ అవుతుంటే గేర్లకీ పక్క ప్లేట్లకీ మధ్య సందు పెరిగింది. పంపు విప్పి, చదునైన అద్దం మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి, నూనె వేసి బాడీ ముఖాన్ని ఎనిమిది ఆకారంలో రుద్దండి. మళ్లీ కట్టాక గట్టిగానే అయినా పట్టేయకుండా తిరగాలి. పంపుకీ టైమింగ్ కవర్‌కీ మధ్య ఉండే చిన్న రబ్బరు సీలు కూడా కొత్తది వేయండి. బీఎస్‌ఏలో అయితే ఫీడ్ దారిలో స్ప్రింగుతో ఉండే బాల్ వాల్వు సీటు కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

ఫీడ్ పైపులో బయటి నుంచి వాల్వు పెట్టించుకోమని సలహాలు వస్తాయి. వెలోసెట్ ఫ్యాక్టరీయే అలాంటిది పెట్టిన మాట నిజం. కానీ బజారులో దొరికే స్ప్రింగు వాల్వు ఇరుక్కుంటే క్రాంకుకు ఆయిల్ చేరదు, దాని మీది బేరింగు (బిగ్ ఎండ్) పోతుంది. చేతి ట్యాపు అయితే తెరవడం మరిచిపోయిన రోజున అదే గతి. ట్యాపు పెట్టక తప్పదనుకుంటే, అది మూసి ఉన్నంతసేపు ఇగ్నిషన్ కట్ అయ్యేలా స్విచ్చి కలపండి. స్విచ్చి లేని ట్యాపు నా చేతుల మీదుగా పెట్టను.

మన రోడ్ల మీద తిరిగే పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్ కూడా ఈ కుటుంబమే. 1950ల నడిమి నుంచి మద్రాసులో తయారైనా డిజైన్ ఇంగ్లాండులోని రెడిచ్ ఫ్యాక్టరీది. దాని ట్యాంకు మాత్రం విడిగా ఉండదు, క్రాంక్‌కేసు పోతలోనే కలిసి ఉంటుంది. రెండు పంపుల డిస్కులు సీటు మీద సరిగ్గా కూర్చోకపోతే ఇదే పొగ. సన్నటి వాల్వు గ్రైండింగ్ పేస్టుతో డిస్కును సీటు మీద రుద్ది, మచ్చలు లేని ఒకే బూడిద రంగు వచ్చాక పేస్టు అంతా కడిగేసి కట్టాలి. పేస్టు చుక్క మిగిలినా బేరింగులు తినేస్తుంది.

పగిలిన పికప్ పైపు, రంధ్రం తప్పుగా ఉన్న ప్యాకింగ్, పోతలో సూదిబెజ్జాలు: ఇవి అరుదు. పైవన్నీ చూశాక కూడా సంప్ నిండుతుంటేనే వీటి వైపు వెళ్లండి. రింగుల సంగతి అంతకన్నా తర్వాత. సంప్ ఖాళీగా ఉండి, ట్యాంకు మట్టం సరిగ్గా ఉండి, అరగంట నడిచాక కూడా పొగ వస్తుంటే అప్పుడు హెడ్ విప్పండి.