ఎయిర్ పిస్టల్ గురి తప్పుతోందా? సైటు కొనే ముందు గ్రిప్ స్క్రూ చూడండి

"మాస్టారూ, ఈ సైటు పనికిరాదు, మార్చేద్దాం" అని షూటింగ్ రేంజ్‌లో ఎవరైనా పిస్టల్ మీద గురి చూసే సైటును చూపించి అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: చేత్తో పట్టుకునే గ్రిప్ స్క్రూ బిగించి ఎన్నాళ్లయింది? దానికి జవాబు దాదాపు ఎప్పుడూ మౌనమే. కొందరైతే "గ్రిప్‌కు స్క్రూ ఉంటుందా?" అని ఎదురు అడుగుతారు. వేలకు వేలు పెట్టి సైటు తెప్పించుకోవడానికి సిద్ధపడే మనిషి, పెట్టెలో పడి ఉన్న అలెన్ కీ తీయడానికి మాత్రం బద్ధకిస్తాడు.

ఇది 10 మీటర్ల దూరంలోని టార్గెట్‌ను గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ పిస్టల్ గురించి. పిస్టల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లకూడదు వంటివి మీకు వచ్చని అనుకుంటున్నాను.

ముందుగా ఒక చిన్న లెక్క. పది పాయింట్ల వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు. ముందు, వెనుక సైట్ల మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైటు, వెనుక సైటు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, టార్గెట్ మీద దెబ్బ దాదాపు 31 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. నడిబొడ్డున పడాల్సిన పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఏడు పాయింట్ల వలయంలోకి పోతుంది. అదే సైట్లు రెండూ సరిగా కుదిరి ఉండి, చెయ్యి మొత్తం అయిదు మిల్లీమీటర్లు పక్కకు ఊగినా, దెబ్బ కూడా అయిదు మిల్లీమీటర్లే జరుగుతుంది. పెల్లెట్ అంచు గీతను తాకితే చాలు కాబట్టి అది ఇంకా పదే. అందుకే చెయ్యి ఊగుతోందని బెంగపడటం దండగ. చూడాల్సింది సైట్ల పొందిక, దాన్ని చెడగొడుతున్నది ఏమిటన్నది.

దెబ్బలన్నీ ఎడమ వైపు కిందికి, చెల్లాచెదురుగా

కుడిచేతి వాటం వాళ్లలో ఇది ట్రిగ్గర్‌ను గుంజడమే. పోటీ నియమాల ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపాలి. ఆ అరకిలోను మెల్లగా పెంచుతూ పోకుండా, గురి కుదిరిందనిపించగానే ఒక్కసారిగా లాగేస్తారు. పక్కవాళ్లను మీకు తెలియకుండా ఒకసారి పెల్లెట్ పెట్టి, ఒకసారి పెట్టకుండా ఇమ్మనండి. ఖాళీ పిస్టల్ పేలని ఆ క్షణంలో ముందు సైటు ముక్కు కిందికి పొడుచుకుంటే రోగం బయటపడినట్టే. మందు డ్రై ఫైరింగ్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన. ఇంట్లో తెల్లగోడ ముందు, టార్గెట్ లేకుండా, రోజూ పావుగంట. పెల్లెట్లు అదే గదిలో ఉంచకండి.

దెబ్బలు నిలువుగా, ఒకదాని కింద ఒకటి

కాలుస్తున్న కొద్దీ వరుసగా కిందికి దిగిపోతుంటే గాలి సిలిండర్ మీటరు చూడండి, గాలి అయిపోవచ్చింది. ఒకటి పైన, ఒకటి కింద పడుతుంటే మీ చూపు నల్ల వలయం మీద ఉంది. చూపు ముందు సైటు మీద ఉండాలి, వలయం మసకగా కనిపించాలి. ఈ మాట అందరూ తల ఊపుతూ వింటారు, పిస్టల్ ఎత్తగానే వలయం వంకే చూస్తారు. నలభై దాటినవాళ్లకు ఇది వాళ్ల తప్పు కాకపోవచ్చు. కళ్ల డాక్టరుకు ముందు సైటు కంటికి ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్పండి. దూరపు చూపు నంబరుకు సాధారణంగా +0.5 లేదా +0.75 కలిపిన అద్దం సరిపోతుంది. చదువుకునే కళ్లద్దాలతో కాల్చడానికి వస్తే మాత్రం టార్గెట్టే కనబడదు.

గ్రూప్ (దెబ్బల గుంపు) చిన్నదే, కానీ చోటు మారుతోంది

అసలు దొంగ ఇక్కడుంది. మొదటి పది దెబ్బలు తొమ్మిది, పదిలలో చక్కగా పడతాయి. తర్వాతి పది కూడా అంతే దగ్గరగా పడతాయి, కాకపోతే కుడివైపు ఎనిమిదిలో. సైటును సర్దే స్క్రూను నాలుగు క్లిక్కులు తిప్పుతారు, మధ్యకు వస్తుంది. మర్నాడు అదే గ్రూప్ ఎడమ వైపున ఉంటుంది. మళ్లీ క్లిక్కులు. వారం తిరిగేసరికి సైటు స్క్రూ అరిగిపోయిందని, కొత్తది కావాలని తీర్మానం. కొత్త సైటు వస్తుంది, రెండు రోజులు బాగుంటుంది, మూడోరోజు కథ మొదటికి.

ఇది కోచ్‌లను కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే గ్రూప్ చిన్నగా ఉంటే ట్రిగ్గర్ బాగుంది, చూపు బాగుంది అని అర్థం. మిగిలింది సైటే కదా అనిపిస్తుంది. మిగిలింది గ్రిప్ కూడా.

గ్రిప్ చెక్క. విశాఖ గాలిలో తేమ ఎంతో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఏసీ గదిలో వారం ఉంటే కుంచించుకుపోతుంది. ఆ ఉబ్బడం, తగ్గడంలో గ్రిప్‌ను పిస్టల్ ఒంటికి పట్టి ఉంచే స్క్రూ వెంట్రుకవాసి వదులవుతుంది. చాలా పిస్టళ్లలో ఆ స్క్రూ గ్రిప్ అడుగున రంధ్రంలో, కంటికి కనబడకుండా ఉంటుంది. దీనికి తోడు అరచేతి కింద ఆనే పలక. ఏప్రిల్, మే ఉక్కపోతలో చెమట పట్టిన చెయ్యి దాన్ని నొక్కీ నొక్కీ ఒక మిల్లీమీటరు కిందికి జార్చేస్తుంది. చెయ్యి కూడా దానితోపాటు దిగుతుంది, మణికట్టు వంపు మారుతుంది.

సైట్లు కుదిర్చాకే కాలుస్తున్నాం కదా, గ్రిప్ కదిలితే ఏమిటి అని అడగవచ్చు. కుదిర్చేది కన్ను, పట్టి ఉంచేది మణికట్టు. గ్రిప్ తేడాగా ఉంటే మణికట్టును కొంచెం బిగబట్టి సైట్లను గాడిలో పెడతారు. ట్రిగ్గర్ తెగే క్షణంలో ఆ బిగువు సడలి, పిస్టల్ తనకు సహజమైన వైపు తిరుగుతుంది. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే అంత తిరుగుతుంది కాబట్టి గ్రూప్ చిన్నగానే ఉంటుంది.

పరీక్ష తేలిక. పెల్లెట్ లేదని చూసుకుని, ఒక చేత్తో గ్రిప్, ఇంకో చేత్తో పిస్టల్ ఒళ్లు పట్టుకుని మెలితిప్పండి. చిన్న టిక్కుమనే కదలిక తెలిసినా చాలు, దొంగ దొరికాడు. కదలకపోతే రెండో పరీక్ష. కాల్చే లైను దగ్గర నిలబడి, పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి, కళ్లు మూసుకుని ఎత్తండి. చెయ్యి కుదురుకున్నాక కళ్లు తెరిచి ముందు సైటు గాడిలో ఎక్కడుందో చూడండి. పదిసార్లు చేయండి. ప్రతిసారీ ఒకే పక్కకు ఉంటే గ్రిప్ వంపు మీ చేతికి సరిపోలేదు: సర్దుబాటు ఉంటే తిప్పండి, లేకపోతే అవసరమైన చోట చెక్క పుట్టీ పెట్టి ఆకురాయితో మెల్లగా సరిచేయండి. ఒక్కోసారి ఒక్కోచోట ఉంటే మీరు చెయ్యి పెట్టే తీరే మారుతోంది. పోటీలో 75 నిమిషాల్లో 60 దెబ్బలు. గుండు పెట్టిన ప్రతిసారీ పట్టు సడలించి మళ్లీ పట్టుకుంటారు కాబట్టి తప్పుకు అరవై అవకాశాలు.

స్క్రూ బిగించేటప్పుడు బలం చూపించకండి, చెక్క చీలుతుంది. బిగించాక గ్రిప్ అంచు నుంచి ఇనుము మీదకు పెన్సిల్‌తో సన్న గీత గీయండి, పలక ఉన్న చోట కూడా ఒకటి. వానాకాలంలో వారానికొకసారి ఆ గీతలు చూసుకోండి. పలకను పైకి వంచి చేతిని బిగించేద్దామనుకునేవాళ్లు జాగ్రత్త: గ్రిప్‌తో దాని కోణం 90 డిగ్రీలకు తగ్గితే పోటీకి ముందు తనిఖీలోనే ఆపేస్తారు. చెమటకు పొడి తువ్వాలు చాలు. పౌడరు వద్దు, అది గరుకును పూడ్చేసి ఇంకా జారేలా చేస్తుంది.

ఇదంతా అయ్యాకే సైటు క్లిక్కులు. వెనుక సైటును దెబ్బ ఎటు వెళ్లాలో అటే జరపాలి. స్క్రూ మీది అక్షరాలను నమ్ముకోకండి, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. అయిదు క్లిక్కులు తిప్పి, మూడు దెబ్బలు కాల్చి చూడండి.

మిగతావి

పెల్లెట్ తల కొలత 4.49, 4.50, 4.51 అంటూ తలబద్దలు కొట్టుకోవడం, పది దెబ్బల్లో తొంభై స్కోరు నిలకడగా దాటనివాళ్లకు అనవసరం. బ్యారెల్ (పిస్టల్ గొట్టం) మురికి: ఎప్పుడో ఒకసారి ఫెల్ట్ గుళికలతో తుడిస్తే సరి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరో, ఇంకో భాగమో మొరాయించడం నిజంగానే జరుగుతుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ చెడిపోయింది. కానీ అలా చెడితే కాల్చడమే ఆగిపోతుంది, గ్రూప్ పక్కకు జరగదు. బ్యారెల్ వంగిందన్న అనుమానం ఉంటే పిస్టల్‌ను అనుభవమున్న ఇంకొకరి చేతికి ఇచ్చి అయిదు దెబ్బలు కాల్చమనండి. ఆయన గ్రూప్ చిన్నగా పడితే బ్యారెల్ జోలికి పోకండి.