మనిషి పోయినా కేసు పోదు: తాగి నడిపిన బండి గుద్దితే విశాఖలో పరిహారానికి దరఖాస్తు ఎలా

మా చిన్నాన్నని ఆనందపురం దగ్గర తాగి కారు నడుపుతున్న ఒకతను గుద్దేశాడు. తొడ ఎముక విరిగింది. కేసు వేశాం. ఎనిమిది నెలలకి ఆయన గుండెపోటుతో పోయారు. దినకార్యం అయ్యాక పిన్ని ఆ ఫైలు తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది, ‘మనిషే లేడు, ఇంక కేసెందుకు’ అని. మేమూ అదే అనుకున్నాం, అది పూర్తిగా తప్పు.

1925 నాటి భారత వారసత్వ చట్టం 306వ సెక్షన్ కింద, ఒంటికి తగిలిన గాయం తాలూకు దావా చాలావరకు ఆ మనిషితోనే పోయేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 166వ సెక్షన్‌కి ఐదో ఉపసెక్షన్ కలిపారు. గాయపడిన మనిషి ఆ తర్వాత ఏ కారణంతో చనిపోయినా, ఆ చావుకీ గాయానికీ సంబంధమే లేకపోయినా, పరిహారం అడిగే హక్కు వారసులకి వస్తుంది. అవతలివైపు కూడా అంతే. పాలసీ ఎవరి పేరున ఉందో ఆ బండి ఓనర్ ప్రమాదం తర్వాత చనిపోతే, 155వ సెక్షన్ ప్రకారం కేసు ఆయన ఆస్తి మీద, ఇన్సూరెన్స్ కంపెనీ మీద నిలబడుతుంది.

దరఖాస్తు వేసేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో, మనకైతే జిల్లా కోర్టులో. ఎంవీఓపీ (మోటారు ప్రమాద పరిహారం కేసుని కోర్టులో పిలిచే పేరు) అంటే అక్కడ ఎవరైనా చెబుతారు. ప్రమాదం శ్రీకాకుళంలో జరిగినా మీరు గాజువాకలో ఉంటే విశాఖలోనే వేసుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కొట్టేయవద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది, కాబట్టి గడువు దాటినవాళ్లు ఆశ వదులుకోకుండా వెంటనే లాయర్‌ని కలవండి, దాటనివాళ్లు మాత్రం ఆ ఉత్తర్వుని నమ్ముకుని కూర్చోకండి.

కాగితాల దగ్గరే ఎక్కువమంది అలిసిపోతారు. స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, బండిని పరీక్షించి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఇచ్చే ఎంవీఐ రిపోర్టు, అవతలి బండి ఆర్‌సీ, లైసెన్స్, పాలసీ కాపీలు తీసుకోవాలి. మనిషి చనిపోతే పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధృవీకరణ పత్రం, సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. సంపాదనకి రుజువు తప్పకుండా పెట్టండి. జీతం చిట్టా లేకపోతే బ్యాంకు పాస్‌బుక్, అదీ లేకపోతే పని ఇచ్చినవాళ్ల సాక్ష్యం. చనిపోయిన కేసుల్లో వయసు, సంపాదన, ఆధారపడినవాళ్లు ఎంతమంది అన్నదాన్ని బట్టే లెక్క కడతారు, 26 నుంచి 30 ఏళ్ల మనిషి అయితే సంవత్సర ఆదాయంలో సొంత ఖర్చు తీసేసి 17తో గుణిస్తారు. వయసు ఒక్క ఏడాది తప్పు పడినా ఈ అంకె మారిపోవచ్చు, అందుకే ఆధార్‌లో, స్కూల్ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఒకటేనా అని ముందే చూసుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన సంగతి, అంటే కేసు నడుస్తుండగా దరఖాస్తుదారుడు చనిపోవడం. అప్పుడు కొత్త కేసు వేయనక్కర్లేదు. భార్య, పిల్లలు, తల్లి ఇలా వారసులందరినీ రికార్డులోకి తెమ్మని అదే కేసులో పిటిషన్ పెట్టాలి. చనిపోయిన రోజు నుంచి 90 రోజుల్లోపు పెట్టేయండి. దాటితే ఆలస్యానికి కారణం చెప్పుకుంటూ ఇంకో పిటిషన్ వేయాల్సి వస్తుంది, ఆ టెన్షన్ ఎందుకు. ఒక్క వారసుడి పేరు కూడా దాచకండి, ఆడపిల్లకి పెళ్లయిపోయింది కదా అని వదిలేసేవాళ్లున్నారు, అది అన్యాయం, రేపు చెక్కు దగ్గర గొడవ కూడా.

ఇక మందు విషయం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్ కింద నేరం. డ్రైవర్ తాగి ఉంటే పాలసీ షరతు తప్పినట్టే అని ఇన్సూరెన్స్ వాళ్లు కౌంటర్ వేస్తారు, 150వ సెక్షన్ వాళ్లకి ఆ వాదన ఇచ్చింది. అది చదివి మా పిన్ని చేతులు వణికాయి. కానీ ఇలాంటి కేసుల్లో, ముందు బాధితులకి కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీకి చెబుతూ వచ్చాయి. అందుకే ఓనర్‌ని, డ్రైవర్‌ని, కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టండి. మనవాడే తాగి ఉన్నాడని అవతలివాళ్లు అంటే, వాసన వచ్చిందన్న మాట సరిపోదు, పరీక్ష రిపోర్టు ఏదని అడిగించండి.

గుద్దిన బండి దొరకనే లేదా? అప్పుడు దారి వేరు, రెవెన్యూ అధికారుల ద్వారా హిట్ అండ్ రన్ పథకం కింద అడగాలి: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు.

లాయర్‌కి డబ్బుల్లేవని ఆగకండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. పిన్నికి కూడా అలాగే దొరికారు. 71వ రోజున ఆ పాత ఫైలు బీరువాలోంచి తీసుకెళ్లి, తన పేరూ ఇద్దరు పిల్లల పేర్లూ రాయించింది.