గాలి ఆగిందని కిందికి దిగకండి

తుఫాను జాగ్రత్తలనగానే మన విశాఖలో ఎవరైనా కొవ్వొత్తులూ అగ్గిపెట్టెతో మొదలుపెడతారు. నేను మాత్రం గాలి ఆగే ఘడియతో మొదలుపెడతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల గాలితో ఊరి మీద పడింది. తుఫాను కన్ను మన మీదుగా పోయేటప్పుడు హోరు ఒక్కసారిగా తగ్గిపోతుంది. "హమ్మయ్య, అయిపోయింది" అని బండి ఏమైందో చూడ్డానికి కిందికి దిగుతారు. కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. మొదటి విడతలో సగం ఊడిన రేకు, వాలిన చెట్టు రెండో విడతలో మీద పడతాయి. తుఫాను పూర్తిగా వెళ్లిపోయిందని అధికారులు చెప్పేదాకా తలుపు తీయొద్దు.

మేడ మీద ట్యాంకు ముందురోజే నిండా నింపండి. ఖాళీ ట్యాంకు ఎగురుతుంది, నిండుది కూర్చుంటుంది. పైగా కరెంటు పోతే మోటారు ఆడదు, ఆ నీళ్లే దిక్కు.

రెడ్‌క్రాస్ వాళ్లు వస్తారులే అని ధీమాగా ఉండొద్దు. వాలంటీరుగా నేనే చెబుతున్నాను. 1920 నాటి సంస్థే, టార్పాలిన్లు, దుప్పట్లు, వంట సామాన్లు పంచే అలవాటు ఉన్నదే. కానీ మేమూ ఈ వీధుల వాళ్లమే, పడిన చెట్లు మాకూ అడ్డమే. మొదటి మూడు రోజులు ఎవరికి వారే చూసుకోవాలి. హుద్‌హుద్ తర్వాత ఒక పెద్దాయన తడిసిన మందుల చీటీ నా చేతిలో పెట్టారు. సిరా అంతా నీలం మరక. "తెల్ల మాత్ర బాబూ, పొద్దున ఒకటి" అన్నారు. షుగరుకా, బీపీకా? సగం మాత్రలు తెల్లవే కదా! చీటీ ఫొటో తీసుకోండి, కానీ ఫోను చార్జింగు అయిపోతుంది. అందుకని మందుల పేర్లు బాల్‌పెన్నుతో రాసి, వారానికి సరిపడా మాత్రలతో కలిపి ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టండి.

రక్తం ఇవ్వాలనుకునేవాళ్లు తుఫాను దాకా ఆగకండి. బ్లడ్‌బ్యాంకులో మామూలు సంచిలో రక్తం 35 రోజులు నిలవుంటుంది, ప్లేట్‌లెట్లు మాత్రం ఐదు రోజులే. అక్టోబర్ డెంగీ రోజులు కూడా, ప్లేట్‌లెట్లు అప్పుడే కావాలి. అందరూ ఒకేరోజు ఎగబడితే సగం వృథా. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు కాబట్టి ఇంట్లో వంతులు వేసుకోండి.

బాధితుల కోసమని చిరిగిన చీరల మూటలు మాత్రం దయచేసి ఇవ్వొద్దు. వాటిని విప్పి ఏరడానికే ఇద్దరికి పూటంతా పడుతుంది. కొత్త దుప్పటి, శానిటరీ ప్యాడ్లు, బ్యాటరీలతో సహా టార్చి ఇవ్వండి.