సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ చల్లదనం పోతోందా: నా అనుభవం

హైవే మీద చల్లగాలి, ట్రాఫిక్‌లో ఆగితే వేడిగాలి. పాత కారులో ఈ లక్షణం ఉంటే గ్యాస్ జోలికి పోకముందే కండెన్సర్ (రేడియేటర్ ముందుండి, ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) చూడండి. నా హ్యాచ్‌బ్యాక్‌లో తేడా ముందు అక్కడే కనిపించింది.

ముందునుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. బంపర్ విప్పితే దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్ము, పురుగులు, ఎండుటాకులు అట్టకట్టి ఉన్నాయి. ఇంజిన్ చల్లారాక మామూలు నీళ్ల పైపుతో రేడియేటర్ వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ వాషర్ వద్దే వద్దు, సన్నటి రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

తర్వాత కండెన్సర్‌కి గాలి లాగే ఫ్యాన్. ఏసీ వేసినప్పుడు అది జోరుగా తిరగాలి. నీరసంగా తిరిగితే మోటార్ మార్చేముందు కనెక్టర్ ఊడదీసి చూడండి; నాదాంట్లో ఒక పిన్ను నల్లగా మాడి, ప్లాస్టిక్ కరిగి ఉంది. కనెక్టర్ మారిస్తే సరిపోయింది.

ఇక గ్యాస్. ఉన్నదాని మీద కాస్త కొట్టించడం దండగ, లోపల ఎంతుందో ఎవరికీ తెలియదు. మొత్తం తీయించి, కనీసం 30 నిమిషాలు వాక్యూమ్ పెట్టించండి, అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగించేయడం. పంపు ఆపాక గేజ్ ముల్లు కదలకపోతేనే (లీక్ లేనట్టు), బానెట్ కింది స్టిక్కర్‌పై ఉన్న గ్రాముల ప్రకారం తూచి ఆర్-134ఏ గ్యాస్ నింపించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

ఇవన్నీ అయినా వెచ్చగా వస్తుంటే, కేబుల్‌తో నడిచే హీటర్ వాల్వ్ (ఇంజిన్ వేడినీళ్లను హీటర్‌కి వదిలేది) ఉన్న కార్లలో నాబ్ పూర్తిగా చల్లటి వైపు తిప్పి, వాల్వ్ దాటాక ఉన్న పైపు వేడెక్కుతోందేమో చూడండి; వేడెక్కితే వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట.